తాళం వేయవచ్చు, తొంగి చూడరాదు

"కంప్యూటర్‌లో దొంగ కాపీ విండోస్ వాడుకుంటే హరామ్ అవుతుందా?" ఈ ప్రశ్న ఈ మధ్య మమ్మల్ని చాలామంది అడుగుతున్నారు. అడిగేవారిలో ఇంటర్ చదివే పిల్లలున్నారు, డిటిపి షాపు నడుపుకునే యువకులున్నారు, మదర్సా కార్యాలయంలో జమాఖర్చులు రాసే పెద్దలూ ఉన్నారు. ప్రశ్న వెంటనే ఒక వాదన కూడా వస్తుంది: "ఆ కంపెనీ మన కంప్యూటర్‌లోకి తొంగి చూస్తూనే ఉంది కదా! మన సంగతులు మనకు చెప్పకుండా తీసుకునేవాడి సరుకును మనం డబ్బివ్వకుండా తీసుకుంటే తప్పేముంది?"

ఈ వాదనలో రెండు వేర్వేరు విషయాలు ఒకే మూటలో కట్టి ఉన్నాయి. ఒకటి, ఇతరుల శ్రమఫలాన్ని అనుమతి లేకుండా వాడుకోవడం. రెండవది, అమ్మినవాడు కొన్నవాడి ఇంట్లోకి తొంగి చూడడం. ఈ రెండింటి గురించీ ఇస్లాం షరీఅత్‌లో స్పష్టమైన మార్గదర్శకత్వం ఉంది. ఒకరి తప్పు మరొకరి తప్పును ధర్మసమ్మతం చేయదు. కనుక మూట విప్పి, ఏది ఎవరి ఖాతాలోకి వస్తుందో చూద్దాం.

ముందు మన లెక్క

దొంగ కాపీని సమర్థించేవారి మొదటి మాట ఇది: "సైకిల్ దొంగిలిస్తే యజమాని దగ్గర సైకిల్ ఉండదు. ప్రోగ్రామ్‌ను కాపీ చేసుకుంటే ఆయన ప్రోగ్రామ్ ఆయన దగ్గరే ఉంటుంది. మరి దొంగతనం ఎక్కడ జరిగింది?"

ఫిఖహ్ గ్రంథాల్లో నిర్ణీత శిక్ష పడే దొంగతనానికి చాలా షరతులున్నాయి, ఈ పని ఆ షరతుల్లో ఇమడదన్న మాట నిజమే. అయితే శిక్ష పడే దొంగతనం కానిదంతా హలాల్ అయిపోతుందా? అమానతులో ఖియానత్ చేసినవాడికి కూడా ఆ శిక్ష లేదు. అంతమాత్రాన ఖియానత్‌ను ఎవరైనా ధర్మసమ్మతం అన్నారా? ప్రోగ్రామ్ తయారు చేసినవాడు దానిని కొన్ని షరతుల మీద ఇస్తున్నాడు. ఒక్క కంప్యూటర్‌లోనే వాడుకోవాలని, ఇతరులకు పంచరాదని చెప్పి ఇస్తున్నాడు. హలాల్‌ను హరామ్ చేయనంతవరకు, హరామ్‌ను హలాల్ చేయనంతవరకు ముస్లింలు తాము ఒప్పుకున్న షరతులకు కట్టుబడి ఉండాలన్నది దైవప్రవక్త (సఅసం) బోధనలోని సారాంశం. ఒప్పుకున్నానని మీట నొక్కి, ఆ మరుక్షణమే షరతును కాలరాయడం ముస్లిం స్వభావానికి తగని పని.

ఉర్దూ చదివే కుటుంబాలకు ఈ విషయం మరింత దగ్గరిది. ఉర్దూ పత్రికలు కాతిబుల చేతిరాతతో అచ్చయిన రోజులు మా తరం వారికి గుర్తున్నాయి. వంపులు తిరిగే నస్తాలీఖ్ లిపిని యంత్రానికి ఎక్కించడం సాధ్యమయ్యే పని కాదని చాలాకాలం అనుకున్నారు. పాకిస్తాన్‌కు చెందిన మీర్జా అహ్మద్ జమీల్ వేల సంఖ్యలో అక్షర సముదాయాలను తన చేత్తో రాసి, 1981లో నూరీ నస్తాలీఖ్‌ను లోకానికి అందించారు. 1990లలో ఢిల్లీలో తయారైన ఇన్‌పేజ్ ప్రోగ్రామ్ దానిని మామూలు కంప్యూటర్ల మీదికి తెచ్చింది. ఆ తరువాత ఉర్దూ పుస్తకాలు, మదర్సాల ప్రకటనలు, జల్సాల పోస్టర్లు, పెళ్లి పత్రికలు అన్నీ దానితోనే తయారయ్యాయి. దాని దొంగ కాపీలు ఎన్ని చేతులు మారాయో ఉర్దూ అచ్చు రంగంలో తెలియనివారు లేరు. ఒక కాతిబ్ చేత రాత రాయించుకుని కూలి ఎగ్గొడితే మనం ఏమంటాం? వేల అక్షరాలు రాసి, వాటిని యంత్రానికి నేర్పినవారి కూలి ఎగ్గొట్టడం మాత్రం చమత్కారం ఎలా అవుతుంది?

రచన మీద, ఆవిష్కరణ మీద హక్కు అనే భావన పూర్వపు ఫిఖహ్ గ్రంథాల్లో ఈ రూపంలో లేదు. అందుకే దీనిపై ఉలమాలో అభిప్రాయభేదం ఉండేది. జ్ఞానాన్ని అమ్మరాదని, అందరికీ అందనివ్వాలని కొందరు పెద్దలు అన్నారు. వారి ఆవేదన గౌరవించదగినది. కాని కాలం మారి, ఇటువంటి హక్కులకు ధర లభించే పరిస్థితి వచ్చాక, ఇస్లామీ దేశాల సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖహ్ అకాడమీ 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన సమావేశంలో ఈ విషయాన్ని చర్చించింది. రచనల మీద, ఆవిష్కరణల మీద వాటి కర్తలకున్న హక్కులు షరీఅత్ దృష్టిలో రక్షణ గలవేనని, వాటిపై దౌర్జన్యం చేయరాదని తీర్మానించింది. మన దేశ చట్టం కూడా ఇదే చెబుతోంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణతో 63-బి అనే సెక్షన్ చేరింది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 సంవత్సరాల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. లాభం కోసం, వ్యాపారం కోసం వాడలేదని తేలితే జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. అదే చట్టం, సక్రమంగా కొన్న ప్రోగ్రామ్ పాడైపోతుందన్న జాగ్రత్త కోసం ఒక నకలు తీసి పెట్టుకోవడానికి అనుమతి కూడా ఇచ్చింది.

ఇక "ఆ కంపెనీ కోట్లకు పడగెత్తింది, పైగా మనవారు కాదు, మనకు అన్యాయం కూడా చేస్తోంది" అనేవారికి సీరత్‌లోని ఒక్క సంఘటన చాలు. మక్కా ఖురైషులు దైవప్రవక్త (సఅసం) ప్రాణం తీయడానికి పన్నాగం పన్ని ఇంటిని ముట్టడించిన రాత్రి అది. ఆ ఖురైషుల అమానతులు అప్పటికి ఆయన దగ్గరే ఉన్నాయి. హిజ్రత్‌కు బయలుదేరుతూ ఆయన హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఆగమన్నారు. ఎవరి సొమ్ము వారికి అప్పగించి మరీ రమ్మన్నారు. చంపడానికి వచ్చినవాడి సొమ్మునే ముట్టని నాయకుని అనుచరులం మనం. కంపెనీ ధనవంతుడిదని, పరాయివాడిదని చెప్పి దాని సరుకును ఎలా హలాల్ చేసుకోగలం?

ఇప్పుడు కంపెనీ లెక్క

మన తప్పును తప్పని ఒప్పుకున్న తరువాత, ఎదుటివారి తప్పును అడిగే హక్కు మనకు వస్తుంది. కనుక ఈ తనిఖీల చరిత్రను కూడా చూద్దాం.

2001 అక్టోబరులో విడుదలైన విండోస్ ఎక్స్‌పీతో 'యాక్టివేషన్' అనే పద్ధతి సామాన్యుల ఇళ్లకు వచ్చింది. కొన్నవారు 30 రోజుల లోపల ఇంటర్నెట్ ద్వారా గాని, టెలిఫోన్ ద్వారా గాని మైక్రోసాఫ్ట్ కంపెనీ నుంచి అనుమతి పొందాలి. కంప్యూటర్‌లోని హార్డ్ డిస్కు, ప్రాసెసర్, నెట్‌వర్క్ కార్డు మొదలైన భాగాల గుర్తుల నుంచి ఒక సంఖ్య తయారవుతుంది. ఆ సంఖ్య కంపెనీకి వెళుతుంది. పేరు, ఊరు చెప్పవలసిన అవసరం లేదు. కొన్ని చిక్కులున్నా, ఇది దుకాణదారుడు తన దుకాణానికి తాళం వేసుకోవడం వంటిది. తాళం ఉందని కొనేవాడికి ముందే తెలుసు. దీనిని మేము తప్పు పట్టము.

2005 జూలైలో 'విండోస్ జెన్యూయిన్ అడ్వాంటేజ్' అనే తనిఖీ వచ్చింది. కంపెనీ నుంచి అదనపు ప్రోగ్రాములు దించుకోవాలంటే ముందు తమ విండోస్ అసలుదేనని నిరూపించుకోవాలి. భద్రతా అప్‌డేట్‌లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఇంతవరకూ కూడా అడిగి చేసిన తనిఖీయే అనుకోవచ్చు.

తరువాతి సంవత్సరం జరిగింది వేరు. 2006 వసంతకాలంలో దీనికి అనుబంధంగా మరో ప్రోగ్రామ్‌ను, వైరస్‌ల నుంచి, చొరబాట్ల నుంచి కాపాడే అప్‌డేట్‌లు వచ్చే దారిలోనే, అత్యవసరమైనదన్న ముద్రతో కంప్యూటర్లలోకి పంపారు. అది ఇంకా పరీక్ష దశలో ఉన్న ప్రోగ్రామ్. ఒకసారి లోపలికి వచ్చాక దానిని తీసివేసే మామూలు మార్గం లేదు. ఆ ఏడాది జూన్‌లో మరో విషయం బయటపడింది. ఆ ప్రోగ్రామ్ ప్రతిరోజూ కంపెనీ సర్వర్‌తో మాట్లాడుతోంది! అసలు కాపీ అని ఒకసారి తేలిన కంప్యూటర్ నుంచి కూడా ఈ రోజువారీ సంబంధం సాగుతోంది. ఈ సంగతి వాడుకదారులకు స్పష్టంగా చెప్పలేదు. కంపెనీ దీనిని ఒప్పుకుంది. కొత్త ప్రోగ్రామ్‌లో ఇబ్బంది వస్తే వెంటనే ఆపడానికే ఆ ఏర్పాటు చేశామని వివరణ ఇచ్చింది. గొడవ పెరిగాక అదే నెలలో రోజువారీ సంబంధాన్ని తొలగించింది. అమెరికాలో కొందరు దీనిని గూఢచారి ప్రోగ్రామ్ అంటూ కోర్టుకు కూడా ఎక్కారు.

ఇటువంటి పని చేసింది ఈ ఒక్క కంపెనీయే కాదు. 2005లో సోనీ బీఎంజీ అనే సంగీత కంపెనీ, పాటల సీడీలను కాపీ చేయకుండా ఆపడానికి, సీడీని కంప్యూటర్‌లో పెట్టగానే యజమానికి కనిపించకుండా దాక్కునే ప్రోగ్రామ్‌ను ఎక్కించింది. ఆ దాక్కునే చోటును వైరస్‌లు కూడా వాడుకున్నాయి. చివరికి కంపెనీ ఆ సీడీలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. కంప్యూటర్లు పాడైనవారికి నష్టపరిహారం చెల్లించడానికి 2007లో అమెరికా ప్రభుత్వ సంస్థతో ఒప్పందం చేసుకుంది. దొంగలను పట్టుకునే పేరుతో డబ్బిచ్చి సీడీ కొన్న గృహస్థుడి ఇంటికే కన్నం వేయడం అంటే ఇదే.

గోడ దూకిన ఖలీఫా

ఉలమా ప్రసంగాల్లో తరచు వినిపించే ఒక ఉల్లేఖనాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో రాత్రిపూట మదీనా వీధుల్లో గస్తీ తిరిగేవారు. ఒక రాత్రి ఒక ఇంట్లోంచి పాటల సవ్వడి వినిపించింది. ఆయన గోడ ఎక్కి లోపలికి దిగి చూస్తే, ఆ ఇంటి యజమాని మద్యం ముందు కూర్చుని ఉన్నాడు. ఖలీఫా అతన్ని గద్దించారు. అతను తొందరపడవద్దని వేడుకుంటూ, తాను చేసింది ఒక తప్పయితే ఖలీఫా చేసినవి మూడని విన్నవించుకున్నాడు. కూపీలు లాగవద్దని అల్లాహ్ ఆజ్ఞ, ఆయన కూపీ లాగారు. ఇళ్లలోకి వాకిళ్ల గుండానే రావాలని ఆజ్ఞ, ఆయన గోడ దూకి వచ్చారు. అనుమతి తీసుకుని, సలాం చేసి గాని పరుల ఇళ్లలో అడుగు పెట్టరాదని ఆజ్ఞ, ఆయన ఆ రెండూ చేయలేదు. అంతటి ఖలీఫా ఆ మాటలోని న్యాయాన్ని గ్రహించి, అతన్ని శిక్షించకుండా వెనుదిరిగారు.

ఆ మూడు ఆజ్ఞలూ దివ్య ఖుర్ఆన్‌లోనివే. కూపీలు లాగడాన్ని సూరా హుజురాత్ 12వ ఆయతు నిషేధించింది. వాకిళ్ల గుండా ప్రవేశించాలన్నది సూరా బఖరా 189వ ఆయతులో ఉంది. అనుమతి, సలాంల నియమం సూరా నూర్ 27వ ఆయతులో ఉంది.

ఈ సంఘటనలో మద్యం హలాల్ అయిపోలేదన్న సంగతి గమనించండి. ఆ మనిషి తాను పరిశుద్ధుడనని చెప్పుకోలేదు. తప్పు చేశాడన్న అనుమానం ఉన్నా, ఆ అనుమానం నిజమే అయినా, దానిని పట్టుకునే పద్ధతికి హద్దులున్నాయని మాత్రం చెప్పాడు. దొంగ కాపీల విషయంలోనూ కొలబద్ద ఇదే. 2006 నాటి తనిఖీలో ఆ మూడు హద్దులూ దాటారు. ప్రతిరోజూ చెప్పకుండా సంబంధం పెట్టుకోవడం కూపీ లాగడం. రక్షణ కోసం తెరిచి పెట్టిన దారిలో తనిఖీదారును పంపడం వాకిలి వదిలి గోడ దూకడం. వస్తున్నది ఏమిటో స్పష్టంగా చెప్పకపోవడం అనుమతి లేని ప్రవేశం. ముస్లింల పాలకుడైన ఉమర్ (రజి)కే లేని అధికారం ఒక వ్యాపార సంస్థకు ఎక్కడి నుంచి వస్తుంది?

"దాచుకోవడానికి నా దగ్గర ఏముంది?"

ఈ మాట అనేవారు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. కంపెనీలు కూడా ఇటువంటి మాటే మరో రకంగా చెబుతాయి: "మేము వ్యక్తిగత వివరాలేవీ తీసుకోవడం లేదు, యంత్రం వివరాలే తీసుకుంటున్నాము." ఇంటర్నెట్‌లో మన కంప్యూటర్‌ను గుర్తించే ఐపీ అడ్రస్ వ్యక్తిగత సమాచారం కిందికి రాదని, ఆ అమెరికా వ్యాజ్యంలోనే 2009లో సియాటిల్ న్యాయమూర్తి ఒకరు తీర్పు చెప్పారు. ఇంటి నంబరు ఇంటిదే గాని మనిషిది కాదన్నట్టుగా ఉంది ఈ తర్కం. ఇంటి నంబరు తెలిసిన తరువాత మనిషిని కనుక్కోవడం ఎంతసేపు?

ఒక మనిషి తలుపు సందులోంచి దైవప్రవక్త (సఅసం) గదిలోకి తొంగి చూసిన సంఘటన బుఖారీ గ్రంథంలో ఉంది. ఆయన ఎంతో కోపించారు. ప్రవేశానికి అనుమతి అడగాలన్న నియమం పెట్టిందే పరుల చూపును ఆపడం కోసమని బోధించారు. లోపల ఆయన దాచదగిన పనేదో చేయడం లేదు. తల దువ్వుకుంటున్నారు. ఇందులోని నీతిని మనం గుర్తించాలి. ఇంటి మర్యాద లోపల దాచిన వస్తువును బట్టి ఏర్పడేది కాదు. ఇల్లు ఇల్లయినందువల్లనే దానికి ఆ మర్యాద ఉంది. నేడు మన కంప్యూటర్‌లో కూతురి సంబంధం కోసం పంపిన ఫోటోలు, తల్లి వైద్య పరీక్షల కాగితాలు, తమ్ముడు సౌదీ నుంచి పంపిన డబ్బు లెక్కలు, భార్యాభర్తల మధ్య నడిచిన ఉత్తరాలు ఉంటాయి. అది ఇల్లు కాకపోతే మరేది ఇల్లు?

మన దేశ సర్వోన్నత న్యాయస్థానం 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ప్రసాదించిన ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. షరీఅత్ పద్నాలుగు వందల ఏళ్ల కిందట గృహస్థుడికి ఇచ్చిన గౌరవాన్ని దేశ చట్టం కూడా గుర్తించినందుకు మనం సంతోషించాలి.

నిర్దోషికి శిక్ష

ఈ తనిఖీల వల్ల మరో అన్యాయం కూడా జరిగింది. ఆరోపణ చేసేవాడే రుజువు చూపాలన్నది, మనిషి మౌలికంగా నిర్దోషి అన్నది ఇస్లామీ న్యాయశాస్త్రానికి పునాది సూత్రాలు. యంత్రం చేసే తనిఖీలో ఈ వరుస తలకిందులవుతుంది. ముందు తీర్పు వస్తుంది, విచారణ తరువాత జరుగుతుంది.

2007 ఆగస్టు 24, 25 తేదీలలో మైక్రోసాఫ్ట్ సిబ్బంది పొరపాటున పూర్తిగా సిద్ధం కాని ప్రోగ్రామ్‌ను తనిఖీ సర్వర్లలోకి ఎక్కించారు. ఆ సుమారు 19 గంటల పాటు, డబ్బు పెట్టి కొన్న అసలు విండోస్‌లకు కూడా దొంగ కాపీలన్న ముద్ర పడింది. విస్టా వాడేవారికి కొన్ని సౌకర్యాలు ఆగిపోయాయి. నష్టపోయిన కంప్యూటర్లు 12 వేల లోపేనని కంపెనీ చెప్పింది. ప్రపంచం మొత్తం మీద అది చిన్న సంఖ్యే కావచ్చు. కాని బిల్లు చేతిలో ఉండగా దొంగ అనిపించుకున్న మనిషికి అది చిన్న విషయమా? మరుసటి సంవత్సరం, 2008 అక్టోబరులో చైనాలో, దొంగ కాపీ అని తేలిన కంప్యూటర్లలో గంటగంటకూ తెర వెనుక చిత్రం నల్లగా మారిపోయేలా చేశారు. పని ఆగలేదు గాని, తమ కంప్యూటర్‌లోకి పరాయివాడు వచ్చి రంగు మార్చి పోతున్నాడన్న ఆగ్రహం అక్కడ పెల్లుబికింది.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. జనం గట్టిగా అడిగినప్పుడు కంపెనీ కొంత దిగి వచ్చింది. విస్టా మొదట్లో, యాక్టివేషన్ లేకపోతే కంప్యూటర్‌ను దాదాపు పని చేయనివ్వకుండా ఆపేసేది. 2008లో ఆ శిక్షను తొలగించి హెచ్చరికలతో సరిపెట్టారు. 2010లో విండోస్ 7 కోసం పంపిన తనిఖీని వాడుకదారు వద్దనుకుంటే మానుకోవచ్చునన్నారు. అడిగితే ఫలితం ఉంటుందనడానికి ఇది నిదర్శనం.

రక్షణ దారిలో తనిఖీని పంపడం వల్ల కలిగే హాని ఇంకొకటుంది. తనిఖీ వస్తుందన్న భయంతో జనం అప్‌డేట్‌లనే ఆపేసుకుంటారు. అప్‌డేట్ లేని కంప్యూటర్ తలుపు లేని ఇల్లు. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లను స్తంభింపజేసింది. దానికి విరుగుడును మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. దానిని ఎక్కించుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్ని కూడా ఆ వైరస్ బారిన పడ్డాయి. కాపలావాడి మీద జనానికి నమ్మకం పోతే నష్టం ఎంత దూరం పోతుందో ఆలోచించండి.

తడి గింజలు

"అన్నీ ఒప్పంద పత్రంలో రాశాము, మీరే ఒప్పుకున్నారు" అని కంపెనీలు అంటాయి. ఒప్పుకున్న షరతుకు కట్టుబడాలని పైన మేమే అన్నాము. కాని షరీఅత్‌లో ఒప్పందానికి విలువ రావాలంటే ఇరుపక్షాలకూ విషయం తెలిసి ఉండాలి. ఒకసారి దైవప్రవక్త (సఅసం) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడిగా తగిలింది. వాన పడి తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసం చేసేవాడు తమవాడు కాదని హెచ్చరించారు. పదుల కొద్దీ పేజీల పత్రంలో, న్యాయవాదులకు తప్ప అర్థం కాని భాషలో, ఎక్కడో ఒక మూల పెట్టిన షరతు అడుగున దాచిన తడి గింజ వంటిదే. అందులోనూ మన రాష్ట్రాల్లో ఎంతమంది ఆ ఇంగ్లీషు పత్రాన్ని చదివి ఒప్పుకుంటున్నారు?

2015లో వచ్చిన విండోస్ 10 విషయంలో ఈ గొడవ మరింత పెరిగింది. వాడకానికి సంబంధించిన సమాచారాన్ని అవసరానికి మించి సేకరిస్తున్నారంటూ 2016లో ఫ్రాన్స్ సమాచార రక్షణ సంస్థ నోటీసు ఇచ్చింది. ఏయే సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పనందున అది తమ చట్టానికి విరుద్ధమని 2017లో నెదర్లాండ్స్ సంస్థ ప్రకటించింది. కంపెనీ కొన్ని మార్పులు చేయక తప్పలేదు. అయినా నేటికీ, ఇళ్లలో వాడే విండోస్ 11లో కొంత సమాచారం కంపెనీకి వెళ్లడాన్ని పూర్తిగా ఆపుకునే వీలు సామాన్యుడికి ఇవ్వలేదు. మన దేశంలో 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. అవి దశలవారీగా అమలులోకి వస్తాయి. మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పి అనుమతి తీసుకోవాలని ఆ చట్టం కోరుతోంది. మన మాతృభాషలో వివరం అడిగే అవకాశం కూడా అందులో ఉంది. ఆ హక్కును వాడుకోవడం మన చేతిలో ఉంది.

మనం చేయవలసింది

మొదటిది, కొత్త కంప్యూటర్ కొనేటప్పుడు విండోస్ అసలుదా కాదా అని దుకాణదారును అడగండి, బిల్లులో రాయించుకోండి. "ఫ్రీగా ఎక్కించి ఇస్తాం భాయ్" అన్నప్పుడు సంతోషించకండి.

రెండవది, తాళం విరగ్గొట్టే 'యాక్టివేటర్' ప్రోగ్రాములను ఇంట్లోకి రానివ్వకండి. వాటిని ఎక్కించేటప్పుడు వైరస్ నిరోధక ప్రోగ్రామ్‌ను ఆపేయమంటారు. అంటే కాపలావాడిని పంపించి, ముక్కూ మొహం తెలియని దొంగ చేతికి ఇంటి తాళంచెవి ఇవ్వడమే. కంపెనీ తొంగి చూస్తోందని బాధపడేవాడు బ్యాంకు పాస్‌వర్డులు కాజేసేవాడిని ఇంట్లో కూర్చోబెట్టుకోవడం ఏమి వివేకం?

మూడవది, అసలు విండోస్ వాడేవారు దాని సెట్టింగులలో గోప్యతకు సంబంధించిన భాగాన్ని ఒకసారి ఇంట్లో చదువుకున్న పిల్లల చేత తెరిపించి చూడండి. అవసరం లేని సమాచార సేకరణను ఆపివేయండి. భద్రతా అప్‌డేట్‌లను మాత్రం ఆపకండి.

నాలుగవది, కొనే స్తోమత లేనివారికి హలాల్ దారి ఒకటుంది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ ఉద్యమం, 1991లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ కలిసి ఉచితంగా లభించే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అందించాయి. దానిని కాపీ చేసుకోవడానికి, పదిమందికి పంచడానికి తయారు చేసినవారే అనుమతి ఇచ్చారు. అందులో దొంగ కాపీ అన్న మాటే పుట్టదు కనుక తనిఖీ అవసరం కూడా లేదు. లోపల ఏముందో తెలిసినవారు ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో లక్షలాది పిల్లలు దాని మీదనే చదువుకుంటున్నారు. తెలుగులో దానిని తీర్చిదిద్దడానికి హైదరాబాదులో 'స్వేచ్ఛ' అనే సంస్థ పని చేస్తోంది. ఉర్దూ నస్తాలీఖ్‌కు, తెలుగుకు ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు తూగని పాత కంప్యూటర్లు మన ఇళ్లలో, మదర్సాలలో చాలా ఉన్నాయి. వాటిని పారవేయకుండా లినక్స్ ఎక్కించి పిల్లల చదువుకు వాడుకోవచ్చు. కొత్తది నేర్చుకోవడంలో మొదట కొంత కష్టం ఉంటుంది. డిటిపి షాపు వారికి అది మరింత ఎక్కువ. అయినా హలాల్ సంపాదన కోసం పడే కష్టం వృథా పోదు.

ఐదవ మాట మదర్సాల, మస్జిద్ కమిటీల పెద్దలకు. దీన్ బోధించే గదిలోని కంప్యూటర్‌లో దొంగ ప్రోగ్రామ్ ఉండడం మనకు శోభనివ్వదు. పిల్లలు మనం చెప్పేదాని కన్నా చేసేదాన్నే ఎక్కువగా నేర్చుకుంటారు. హలాల్ అన్నం గురించి పాఠం చెప్పి, ఆ పాఠాన్ని దొంగ కాపీతో అచ్చు వేయిస్తే వారు ఏది గుర్తు పెట్టుకుంటారు?

కంపెనీలకు మేము చెప్పేది ఒక్కటే. మీ సరుకుకు తాళం వేసుకోండి, మేము విరగ్గొట్టము. కాని తాళం పేరుతో మా ఇంటి గోడ దూకకండి. మీకు కావలసింది వాకిట్లో నిలబడి, మాకు అర్థమయ్యే భాషలో అడగండి. ఇష్టమైతే ఇస్తాము, లేకపోతే మర్యాదగా తిరిగి వెళ్లండి. తిరిగి వెళ్లమంటే వెళ్లిపోవాలన్నది కూడా సూరా నూర్ నేర్పిన సంస్కారమే.

పరుల హక్కును కాపాడే నిజాయితీని, మన హక్కును అడిగే ధైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.